పదకొండో గడి

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ, ఆఫీసులో దాన్ని ఎవరూ వాడిన పాపాన పోలేదు. అందరికీ ఆయన ఇన్‌వార్డుగారు. నీటి సరఫరా శాఖలోకి వచ్చే ప్రతి కవరూ చింపి, కాగితం మీద తేదీ ముద్ర కొట్టి, నంబరు వేసి, పెద్ద రిజిస్టర్లో ఎక్కించడం ఆయన పని. ముప్ఫై నాలుగేళ్ళుగా అదే బల్ల, అదే కిటికీ, అదే ఎర్ర సిరా. నంబరు పడని కాగితం ఆయన దృష్టిలో ఇంకా పుట్టనే లేదు. ఒకసారి పెద్ద ఆఫీసరు తన చేత్తో తెచ్చి ఇచ్చిన ఉత్తరాన్ని కూడా "కవర్లో రాలేదు కదండీ" అని వెనక్కిచ్చేసిన ఘనుడు.

అలాంటి మహానుభావుడికి ఇంకో మూడు నెలల్లో రిటైర్మెంటు. "నాకేం ఢోకా లేదయ్యా, నేనెప్పుడో రెడీ" అని క్యాంటీన్లో కనపడినవాళ్ళందరికీ చెప్పేవాడు. పైగా కుర్రాళ్ళకు సలహాలు. ఆయన రెడీ కావడమంటే ఏమిటో కాస్త విచారించి చూస్తే తేలింది ఇదీ: కుర్చీకి వేసుకునే తువ్వాలు ఆఖరి రోజున మర్చిపోకుండా ఇంటికి తీసుకెళ్ళాలని అనుకున్నాడు. అంతే. అక్కడితో ఆ ప్రణాళిక సమాప్తం.

శాఖవాళ్ళు చెప్పలేదా అంటే, చెప్పారు పాపం. యాభై అయిదు దాటిన ఉద్యోగులు రిటైర్మెంటుకు ఎలా తయారవ్వాలో నేర్పుతాం రండి అని ఏటా ఒక సర్క్యులరు వచ్చేది. దానికి నంబరు వేసింది ఎవరు? ఈయనే. వేసి, "తర్వాత చూడవలసినవి" అనే అట్టలో పెట్టేవాడు. అలా తనకు యాభై అయిదు దాటాక వచ్చిన మూడేళ్ళ సర్క్యులర్లు ఆ అట్టలో ఒకదాని మీద ఒకటి హాయిగా నిద్రపోతున్నాయి. నాలుగో ఏడు మాత్రం పైవాళ్ళు తెలివిమీరారు. శిక్షణకు రానివాళ్ళ పెన్షను కాగితాలు కదలవని ఒక ముక్క చేర్చారు. ఇక చూసుకోండి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూడా మెట్లు రెండేసి ఎక్కి శిక్షణ హాలుకు వచ్చారు.

శిక్షణకు ముందు ఒక ఫారం నింపాలి. పన్నెండు గడులు. రిటైరయ్యాక మీ దినచర్య ఏమిటి, మీ వ్యాపకం ఏమిటి, ఆరోగ్యం ఎలా ఉంది, ఇంట్లో మీ పాత్ర ఏమిటి, ఇలా. పదకొండో గడిలో మీరు సిద్ధమేనా అన్నదానికి జీవిత భాగస్వామి అభిప్రాయం: అవును, కాదుల్లో ఒకటి కొట్టేసి పక్కన రెండు ముక్కలు రాయాలి. పన్నెండోది సంతకాలు. సర్కారు ఆఫీసులో ఫారం అంటే ఎవడైనా ఆలోచించి నింపుతాడా? ఇన్‌వార్డుగారు నేరుగా టైపిస్టు దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ సొరుగులో ఏ ఫారానికైనా ఒక నమూనా కాపీ దొరుకుతుంది. దీనికీ ఉంది. పన్నెండేళ్ళ కిందట రిటైరైన ఒక సర్వేయరు నింపిన కాపీ అది. అందరూ దాన్ని చూసే రాశారు. ఈయనా చూసి, గుండ్రటి చేతివ్రాతతో, ఒక్క అక్షరం పోకుండా దింపేశాడు. పదకొండో గడిలో "మావారు అన్ని విధాలా సిద్ధంగా ఉన్నారు" అనే వాక్యం కూడా తనే రాసి, కింద భార్య సంతకం కూడా తనే గిలికాడు.

శిక్షణ ఇవ్వడానికి వచ్చిన డాక్టరమ్మ మనసులకు వైద్యం చేసే మనిషట. చిన్నగా ఉంది, మెల్లగా మాట్లాడుతుంది. ఫారాలన్నీ ముందు రోజు చదువుకుని వచ్చిందని తెలియక అందరూ నిమ్మళంగా కూర్చున్నారు.

"ఈ హాల్లో ఇరవై ఎనిమిది మంది ఉన్నారు" అందావిడ. "ఇరవై ఏడు మంది రిటైరయ్యాక గాజుతొట్టెలో చేపలు పెంచుతారట. ఇరవై ఏడు మందికీ ఎడమ మోకాలే నొప్పి. ఇరవై ఏడు మందీ సాయంత్రం పెరట్లో గులాబీలకు నీళ్ళు పెడతారు. మీలో పెరడు ఎవరికుందండీ?"

ఎవరూ చెయ్యెత్తలేదు. అందరివీ అపార్టుమెంట్లే.

"ముందు వరసలో మేడమ్‌గారూ, మీరు కూడా 'మా ఆవిడ సహకరిస్తుంది' అని రాశారు."

ముందు వరసలోని స్టోర్స్ మేడమ్ ఫ్యాను వంక చూసింది. హాలంతా ఒక్కసారి గొల్లుమంది.

"ఒక్కరు మాత్రం వేరేగా రాశారు. జీపు డ్రైవరుగారెవరండీ? మీరు వ్యాపకం దగ్గర 'నిద్ర' అని రాశారు. చాలా బాగుంది. అదే నిజమైన జవాబు." డ్రైవరు లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. పక్కవాళ్ళ నమూనా కాపీ తన దాకా రాలేదన్న సంగతి ఆయన చెప్పలేదు.

చివరికి డాక్టరమ్మ తేల్చింది. ఎవరి ఫారం వాళ్ళు మళ్ళీ నింపాలి. పదకొండో గడి ఇంట్లోవాళ్ళు సొంత చేతివ్రాతతో రాయాలి. నెలాఖరులోగా ఇవ్వకపోతే కాగితాలు కదలవు. ఇన్‌వార్డుగారు పెద్దగా కంగారుపడలేదు. ఒక్క సంతకమేగా, అనుకున్నాడు. పెళ్ళయి ముప్ఫై ఒక్క ఏళ్ళయినా ఆయన ధైర్యం అలాంటిది.

ఆ సాయంత్రం పాత ఫారాన్నే మరో తెల్ల కాపీలోకి దించి, పదకొండో గడి మాత్రం ఖాళీగా వదిలి, కుట్టుమిషను ముందున్న భార్య చేతికిచ్చాడు.

"ఇదిగో, ఇక్కడ రెండు ముక్కలు రాసి సంతకం పెట్టెయ్యవోయ్."

ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని మొదటి గడి నుంచి చదవడం మొదలుపెట్టింది. అక్కడే చిక్కు వచ్చింది. ఆఫీసులో ఫారాన్ని అలా ఎవరూ చదవరు.

"ఏ చేపలండీ?"

"ఫారంలో చేపలు."

"ఫారంలో ఈదుతాయా?"

"అబ్బ, అందరూ రాశారే."

"ఎడమ మోకాలు నొప్పా? మీకు నొప్పి కుడి భుజం కదూ. ముద్ర కొట్టీ కొట్టీ. రాత్రి కాపడం పెట్టేది నేనేగా." ఆవిడ వేలు కిందికి జరిగింది. "'ఇంటి పనుల్లో భార్యకు సహకరిస్తాను' అట. ఎప్పట్నించి?"

"రిటైరయ్యాక."

"టీ పొడి ఎక్కడుంటుందో చెప్పండి."

ఇన్‌వార్డుగారు వంటింటి వైపు చూశాడు, అక్కడేదైనా బోర్డు కనపడుతుందేమోనని. కనపడలేదు.

"మీ ఆఫీసులో అబద్ధాలకు నంబరేస్తారేమో గానీ, నేను మాత్రం సంతకం పెట్టను" అందావిడ. "పది రోజులు సెలవు పెట్టండి. ఇందులో రాసినట్టు ఇంట్లో ఉండి చూపించండి. అప్పుడు చూద్దాం."

"ఈ ఒక్క గడి కోసం నా కాగితాలు ఆగిపోతాయే!"

"ఆగితే ఆగుతాయి. నా గడి నా ఇష్టం."

ముప్ఫై నాలుగేళ్ళలో పెళ్ళికీ, తల్లి పోయినప్పుడూ, కామెర్లు వచ్చినప్పుడూ తప్ప సెలవు పెట్టని మనిషి పది రోజులకు సెలవుచీటీ రాశాడు. దానికి తనే నంబరేసి మరీ ఇచ్చాడు.

మొదటి రోజు తొమ్మిదింపావుకల్లా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లు తొడుక్కుని గుమ్మం దాకా వెళ్ళాక గుర్తొచ్చింది. బూట్లు విప్పడం ఇష్టంలేక, ఆ ఊపులోనే బజారుకు వెళ్ళి ఒక గాజుతొట్టె, మూడు ఎర్రచేపలు కొనుక్కొచ్చాడు. ఫారంలో రాశాం కదా, చేసి చూపించేద్దాం అని పంతం. తెచ్చి, ముందుగదిలో కిటికీ పక్కనున్న పొడవాటి బల్ల మీద పెట్టి, నీళ్ళు నింపాడు. తొట్టెకు ఒక చీటీ కూడా అంటించాడు. ఒకటి బై ఏ, ఒకటి బై బీ, ఒకటి బై సీ. ఏది ఏ చేపో ఆయనకే తెలియాలి.

ఆ బల్ల సంగతి ఆయనకు తెలియదు. పందొమ్మిదేళ్ళుగా ఆవిడా, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ కలిసి ఆ గదిలో ఆసుపత్రి నర్సుల యూనిఫారాలు కుడుతున్నారు. ఆయనకు ఆఫీసు ఉన్న రోజుల్లోనే, పదింటికి మొదలు, నాలుగింటికి ఆఖరు. ఆ బల్ల మీదే గుడ్డ పరిచి కత్తిరిస్తారు. ఆయన పదింటికి ముందే వెళ్ళి అయిదింటి తర్వాత వచ్చేవాడు కాబట్టి, మా ఆవిడ ఏదో కుట్టుకుంటుంది అని మాత్రమే ఎరుగును. అప్పటికి గది ఊడ్చేసి ఉండేది, బల్ల ఖాళీగా ఉండేది. అది తన కోసం ఖాళీగా ఉందనుకున్నాడు, అమాయకుడు.

పదింటికి పైఇంటి వదిన వచ్చింది. పది దాటాక బొత్తాల పిన్ని వచ్చింది. పిన్నికి అరవై రెండేళ్ళు, కాజాలు కుట్టడంలో ఆవిడను మించినవాళ్ళు లేరు, నోరు కూడా అంతే పదును. ఇద్దరూ గుమ్మంలో ఆగి, కుర్చీలో కూర్చున్న ఆయన్ని, బల్ల మీది చేపల్ని చూశారు.

"అన్నయ్యగారికి ఒంట్లో బాగాలేదా?" అంది వదిన.

"బ్రహ్మాండంగా ఉంది. మీరు కానివ్వండమ్మా, నేను అడ్డం రాను."

వాళ్ళు నేల మీదే గుడ్డ పరుచుకున్నారు. రోజూ గలగలమనే గదిలో ఆ పూట కత్తెర చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఈయన అడ్డం రాలేదు, నిజమే. ఒక పాత నోటుబుక్కు తెచ్చుకుని గీతలు గీసి, పేర్లు రాసి, ఎర్ర సిరాతో ఎవరు ఎన్నింటికి వచ్చారో వేశాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది.

"పిన్నిగారూ, మీరు పన్నెండు నిమిషాలు లేటు. కారణం ఏమని రాయమంటారు?"

పిన్ని సూది గుడ్డకు గుచ్చి, నడుం మీద చెయ్యేసుకుని లేచింది. "రాయి నాయనా. పిన్నికి బుద్ధి లేక ఈ ఇంటికి వచ్చింది అని రాయి."

మర్నాడు ఇద్దరూ రాలేదు. పదింటికి ఆవిడ మిషను తల ఊడదీసి, గుడ్డల మూట చంకన పెట్టుకుని బయలుదేరింది.

"ఏమోయ్, ఎక్కడికి?"

"డ్యూటీకి. పైఇంట్లో. అన్నం గిన్నెలో ఉంది, వడ్డించుకోండి."

ఇక ఇల్లంతా ఆయనదే. మొదటి గంట దర్జాగానే గడిచింది. పేపరు చదివాడు. రెండో గంట అదే పేపరు మళ్ళీ చదివాడు. వంటింట్లో డబ్బాలకు నంబర్లేసి, ఒక జాబితా రాసి గోడకు అంటించాడు. పప్పు పద్నాలుగు, చక్కెర పదిహేను. పదకొండున్నరకు కిటికీలోంచి ఎండ వచ్చి గోడ మీద పడింది. ఆ గోడ మీద ఆ వేళకు ఎండ పడుతుందని ఆయనకు ఇన్నేళ్ళూ తెలియదు. అది ఎక్కడి దాకా పోతుందో చూస్తూ కూర్చున్నాడు. అలమర అంచు దాటగానే ఎండ పోయింది. చూడ్డానికి అదొక్కటే ఉంది, అదీ అయిపోయింది.

ఉండబట్టలేక ఆఫీసుకు ఫోను చేశాడు. తన బల్ల దగ్గర ఈ పది రోజులూ టైపిస్టు కూర్చుంటోంది.

"టపా ఎలా ఉందమ్మా? కష్టంగా ఉందా?"

"లేదు సార్, సుఖంగా ఉంది. రెండు రోజులవీ పోగేసి ఒకేసారి ముద్రలు కొట్టేస్తున్నా. గంటలో అయిపోతోంది."

"గంటలోనా?"

"అవును సార్. మీరు రెస్టు తీసుకోండి."

ఫోను పెట్టేసి లెక్కేసుకున్నాడు. ముప్ఫై నాలుగేళ్ళు రోజుకు ఏడు గంటలు తను చేసిన పని గంటలో అవుతుందట, అదీ రెండు రోజులది. ఇంత మాట ఆయనకు ఎవరూ తిట్టి కూడా చెప్పలేదు.

నాలుగో రోజుకు ఇంట్లో నిశ్శబ్దం ఆయన్ని పైకి తరిమింది. ఏదో ఒక సాకు కావాలి కదా, ఉప్పు డబ్బా నంబరు మర్చిపోయానని అడుగుదామనుకున్నాడు. పైఇంటి తలుపు దగ్గరికి వేసి ఉంది. చెయ్యెత్తాడు, తట్టబోయి ఆగాడు. లోపల్నించి తన గొంతు వినపడింది.

తన గొంతే. భార్య నోట్లోంచి.

"ఈ బొత్తానికి నంబరేదీ? కవర్లో వచ్చిందా? కవర్లో రాకపోతే ఇది బొత్తాం ఎలా అవుతుందమ్మా? కాజాకు లేటెందుకైందో కారణం రాయండి!"

వదిన నవ్వలేక "చాలు, చాలు" అంటోంది. పిన్ని నవ్వు మధ్యలో దగ్గు కలిసి, దగ్గులో మళ్ళీ నవ్వు కలిసి గోల. ఆవిడ కూడా నవ్వుతోంది, పొట్ట పట్టుకుని నవ్వే నవ్వు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ నవ్వు ఆయన ఒక్కసారి కూడా వినలేదు. ఒళ్ళు మండాల్సింది. చెవులు వేడెక్కిన మాట నిజమే. కానీ ఆ గొంతు ఎంత అచ్చం ఉందంటే, ఆయనకే పెదవి చివర నవ్వు మెదిలింది.

నవ్వులు సద్దుమణిగాక పిన్ని అడిగింది. "అది సరేనే, మూడు నెలలయ్యాక ఎలా మరి? రోజూ మిషను మోసుకొస్తావా?"

మిషను చప్పుడు ఆగింది.

"అదే భయం పిన్నీ. చెడ్డవాడైతే పోట్లాడి నెగ్గేదాన్ని. ఆయన మంచివాడు. మంచివాడితో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏం చెయ్యాలో నాకు తెలీట్లేదు. పదింటి నుంచి నాలుగింటి దాకా నేను వేరే మనిషిని. ఆ మనిషిని ఆయనెప్పుడూ చూడలేదు. నచ్చకపోతే ఎలా?"

ఇన్‌వార్డుగారు ఎత్తిన చెయ్యి దించాడు. చప్పుడు కాకుండా మెట్లు దిగాడు. ఇంట్లోకి వచ్చి ముందుగా ఆ బల్ల ముందు నిలబడ్డాడు. దగ్గరగా చూస్తే బల్ల నిండా కత్తెర గాట్లు, చాక్‌పీసు గీతల మరకలు, అంచున ఎప్పుడో సూదితో గీసుకున్న కొలతలు. తొట్టెలో నీళ్ళు సగం తోడేసి, ఎత్తి, ఆయాసపడుతూ చెప్పుల అలమర మీద పెట్టాడు. బల్ల తుడిచాడు. వంటింట్లో జాబితా చింపాడు. నోటుబుక్కులో పిన్ని లేటు రాసిన పేజీ చింపి నాలుగు ముక్కలు చేశాడు. తర్వాత ఇంకో ఖాళీ ఫారం తీసుకుని కూర్చున్నాడు.

నాలుగింటికి ఆవిడ దిగి వచ్చేసరికి ఇంకా అలాగే కూర్చుని ఉన్నాడు.

"ఏమిటండీ అలా ఉన్నారు? అన్నం తిన్లేదా?"

"దినచర్య దగ్గర ఏం రాయను?"

"నిజం రాయండి."

ఆయన రాశాడు. ఆవిడ భుజం మీదుగా చూస్తూ నిలబడింది. దినచర్య: తెలియదు. వ్యాపకం: లేదు, కవర్లు చింపడం తప్ప. ఆరోగ్యం: కుడి భుజం. ఇంట్లో పాత్ర అన్న గడికి వచ్చాడు. కొత్తవాడిని, అని రాశాడు.

"పైకి వచ్చాను ఇందాక" అన్నాడు తలెత్తకుండా. "నా గొంతు బాగా తీస్తావు."

ఆవిడ పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. "అన్నీ విన్నారా?"

"విన్నాను. రేపు వాళ్ళిద్దర్నీ కిందికి రమ్మను. ఆ వేళకు నేను ఇంట్లో ఉండాలా, బయటికి పోవాలా, నువ్వు చెప్పు. నాకు తెలీదు. నాకు ఈ ఇంట్లో పదింటి తర్వాత ఏమీ తెలీదు. భయంగా ఉందోయ్."

ఆవిడ ఫారం తీసుకుని లోపలికి వెళ్ళింది. కాసేపటికి ఒక కవరుతో వచ్చింది. జిగురు అంటించి, అంచులు గట్టిగా నొక్కి మూసేసింది.

"రేపు వెళ్ళి ఇచ్చేసి రండి. దార్లో విప్పితే ఊరుకోను."

మర్నాడు సెలవులో ఉండి కూడా ఆఫీసుకు వెళ్ళి, తన కిటికీకి ఇవతల, టపా ఇచ్చే జనం నిలబడే చోట నిలబడ్డాడు. ఇటువైపు నుంచి ఆ కిటికీ ఎంత ఎత్తులో ఉందో అప్పుడు తెలిసింది. టైపిస్టు ఆయన్ని చూసి కంగారుగా లేవబోయింది. ఆయన కూర్చోమని సైగ చేసి, కవరు అందించాడు.

"మీ కవరు నేను చింపడమేంటి సార్, మీరే చింపండి."

ఎన్ని లక్షల కవర్లు చింపాడో లెక్కలేదు. ఒక్కటీ తన కోసం వచ్చింది కాదు. ఈ కవరు అంచు చింపడానికి ఆయన వేళ్ళకు రెండుసార్లు పట్టుదొరకలేదు. కాగితం తీసి, మిగతా గడులు వదిలేసి పదకొండో గడి చూశాడు. మరోసారి చూశాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ కాగితం టైపిస్టు వైపు తోశాడు.

"ఇందులో అవును, కాదు అని రెండే ఉంటాయి సార్. మేడమ్‌గారు రెండూ కొట్టేశారు" అంది టైపిస్టు. "రిజిస్టర్లో ఏమని ఎక్కించమంటారు?"

"ఉన్నది ఉన్నట్టు ఎక్కించమ్మా."

టైపిస్టు ముద్ర కొట్టి, నంబరు వేసి, రిజిస్టరు ముందుకు లాక్కుంది. బొత్తాల పెట్టె మీద పెట్టి రాసినట్టు ఇంటావిడ అక్షరాలు కొంచెం ఎగుడుదిగుడుగా ఉన్నాయి. టైపిస్టు వాటిని పైకి చదువుకుంటూ రాసింది.

"వీరు సిద్ధంగా లేరు. నేనూ సిద్ధంగా లేను. అయినా ఇంటికి పంపించెయ్యండి, మేం చూసుకుంటాం."